డెక్కలు చూసిన చేయి

నంద్యాలలో ఆళ్ళగడ్డ బస్సు ఎక్కేసరికే నా చేతిలోని కాగితం చెమటకు మెత్తబడింది. నాలుగు మడతల కాగితం. మా నాయన బ్రతుకంతా అందులో పేజీన్నర.

కాలి పుండు విషమించి ఆయన పోయి నెల అయింది. ఆ సాయంత్రం ఆళ్ళగడ్డ మిషను గుడిలో ఆదరణ కూడిక. మా సంఘంలో ఒక వాడుక ఉంది. పోయినవారి పెద్దబిడ్డ నిలబడి వారి జీవితాన్ని చదవాలి. చదివాక పాస్టరు అయ్యగారు, "ఎరిగినవారు లేచి చెప్పండి" అంటారు. అప్పుడు ఎవరైనా లేవవచ్చు. మరచినది కలపవచ్చు, తప్పినది దిద్దవచ్చు.

పెద్దబిడ్డను నేనే. నంద్యాలలో టీచరు ట్రైనింగులో ఉన్నాను. నలుగురి ముందు నోరు విప్పాలంటేనే నాకు భయం. కానీ ఆ రోజు భయం అందుకు కాదు. కాగితంలో ఒక అబద్ధం ఉంది: 'బర్మా యుద్ధంలో తుపాకి పట్టి శత్రువును ఎదిరించిన వీరుడు.'

మా నాయన జ్ఞానప్రకాశం తుపాకి పట్టలేదు. కొండదారుల్లో బియ్యమూ మందుగుండూ మోసే కంచరగాడిదల దళంలో పని చేశాడు. ఆ అబద్ధాన్ని పుట్టించింది నేను. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఆయన సైన్యం నుంచి తిరిగొచ్చిన ఏడు, బడిలో కృష్ణమ్మ, "మీ నాయన గాడిదలు కాసినాడంట గదే!" అని అందరిలో నవ్వింది. "కాదు, తుపాకి కాల్చినాడు! పన్నెండుమందిని సంపినాడు!" అని అరిచాను. మాట వీధంతా పాకింది.

నాయన చెవినా పడింది. ఆ సాయంత్రం ఎప్పటిలాగే నన్ను అరుగుమీద కూర్చోబెట్టి నా పాదం ఒడిలోకి తీసుకున్నాడు. సైన్యం నుంచి తెచ్చుకున్న అలవాటది. పొద్దుగూకే వేళకు పిల్లల పాదాలు ఒక్కొక్కటే ఎత్తి, మడమ తట్టి, వేళ్ళ సందులు విప్పి చూసేవాడు. ముల్లు దిగిందేమో, రాయి కోసిందేమో అని. ఆ రోజు ముల్లు తీస్తూ, తల ఎత్తకుండా, "పన్నెండుమందేనా, పాపా?" అన్నాడు. అంతే. పదకొండేళ్ళు ఎవరికీ కాదని చెప్పలేదు. చెబితే నా మాట పోతుందని.

బస్సు కదలబోతుండగా ఖాకీ కోటు వేసుకున్న ముసలాయన కుంటుతూ ఎక్కాడు.

"ఆళ్ళగడ్డలో జ్ఞానప్రకాశం ఇల్లు యాడ? ఎవురికన్నా తెల్సా?"

"మా ఇల్లే" అన్నాను.

"ఆయప్ప కూతురివా! ముక్కు అట్లనే ఉండాది. నా పేరు సుందరరాజు. మీ నాయనా నేనూ ఒకే కంపెనీ. మీ అమ్మ రాసిన కార్డు నిన్న అందె." వెనక్కి తిరిగి బస్సంతటికీ వినబడేటట్టు చెప్పాడు. "మాకొక మొండి గాడిద ఉండె. సుబేదారు చెప్పినా కదిలేది కాదు. ఈ పాప నాయన చెవిలో ఏదో అంటే సాలు, కొత్త కోడలు మాదిరి నడిచేది!"

జనం నవ్వారు. నేను కాగితాన్ని చీరచెంగులో దాచాను.

"పెద్దనాయనా, కూడికలో మీరు మాట్లాడతారా?"

"మాట్లాడకుండా పోతానా? అందుకే గదా వస్తాండేది!"

బస్సు సిరివెళ్ళ దాటింది. 'ఏమీ చెప్పొద్దు' అని అడగాలని మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ కిటికీ వైపు తిరిగిపోయాను.

ఇంట్లో అమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చి నన్ను వంటింట్లోకి లాగింది.

"తుపాకి మాట రాసినావా?"

"రాసినా."

"ఆయప్ప ఎదురుగానే సదువుతావా?"

"ఏం చేయమంటావమ్మా?"

"నన్నడుగుతావేందే? నువ్వు పుట్టించిన మాట. నువ్వే సూసుకో."

గుడి నిండింది. వాకిలి దగ్గర చంకలో బిడ్డతో కృష్ణమ్మ కూడా ఉంది. చదవడం మొదలుపెట్టాను. పుట్టిన ఊరు గడిచింది, పెళ్ళి గడిచింది, సైన్యంలో చేరిన ఏడు గడిచింది. ఆ వాక్యం వచ్చింది. రెండో వరుసలో సుందరరాజు చెవికి చేయి ఆనించి ముందుకు వంగాడు. చదవడం ఆపాను. అయ్యగారు దగ్గారు.

కాగితం మడిచాను.

"మా నాయన తుపాకి కాల్చలేదు. ఆ అబద్ధం నాది. ఆయన కంచరగాడిదలు తోలినాడు."

వెనక ఎవరో నవ్వి ఆపుకున్నారు. అమ్మ తల వంచుకుంది. అయ్యగారు మెల్లగా, "ఎరిగినవారు లేచి చెప్పండి" అన్నారు.

సుందరరాజు లేచాడు.

"పాప తప్పు చెప్పె."

మడిచిన కాగితం పట్టుకొనే ఆయనవైపు తిరిగాను.

"తోలేటోడు ఎనకుంటాడు. మేము కళ్ళెం పట్టుకోని ముందు నడవాల. దోవలో మందుపాతర ఉంటే పేలేది ముందు మా కాలికింద. ఈయప్ప రెండేండ్లు అట్ల నడిచినాడు. పొద్దుగూకినాక తన కూడు ముట్టకముందే గాడిదల డెక్కలన్నీ ఎత్తి సూసేటోడు. తన కాళ్ళు మాత్రం సూసుకునేటోడు కాదు. ఎడమ బొటనవేలు అప్పుడే చెడె." అమ్మ వైపు తిరిగాడు. "ఆ పుండు మానెనా, హన్నమ్మా?"

"మానలేదన్నా" అంది అమ్మ. "దాంతోనే పాయె."

పదకొండేళ్ళు సాయంత్రం సాయంత్రం నా పాదాలు ఆయన ఒడిలో ఉన్నాయి. ఒక్కనాడైనా ఆయన పాదం నేను ఎత్తి చూడలేదు.

కూడిక ముగిసి ఇంటికి వచ్చాక, అరుగుమీద కూర్చున్న సుందరరాజు ఎదుట నేల మీద కూర్చొని, ఆయన కుంటే కాలు నా ఒడిలోకి తీసుకున్నాను.

"ఏందమ్మా ఇది, ఇడువు!"

"ఉండు, పెద్దనాయనా. చూస్తాండా."

మడమ తట్టాను. వేళ్ళ సందులు విప్పాను. పుండు లేదు, ముల్లు లేదు. ఎప్పుడో మానిన పాత దెబ్బ ఒకటే ఉంది. అయినా నమ్మకం చాలక, దీపం దగ్గరికి జరుపుకొని మళ్ళీ మొదటి నుంచి చూశాను.