పచ్చి కలప కుర్చీలు

మా ఆయన వడ్రంగి. చెక్కలో తడి ఉందో లేదో చెప్పడానికి ఆయనకు ఏ మిషనూ అక్కర్లేదు. పలక కోసిన అంచు మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకుంటాడు. లోపల తడి ఉంటే కడుపులో తిప్పినట్టుంటుందట. తిప్పిందంటే ఆ పలక అటకెక్కాల్సిందే, పూర్తిగా ఆరేదాకా ఎవరొచ్చి గుమ్మంలో కూర్చున్నా కిందికి దిగదు. మా మామగారిదీ ఇదే వరస. ఆయన పోయేనాటికి అటక నిండా ఆరిన మంచి కలప, వాకిట్లో ఓపిక నశించిన ఖాతాదారులు మాకు మిగిలారు.

ఆ ఖాతాదారుల్లో ఒకడు మా ఆయన్ని వ్యాపార శిక్షణ తరగతికి లాక్కెళ్ళాడు. అక్కడ సూటు వేసుకున్న ఒకాయన పాఠం చెప్పాడు. ఆయన అసలు పేరు నాకెందుకు, సూటాయన అంటే చాలు. "ఇబ్బందిగా ఉందంటే మీరు ఎదుగుతున్నట్టే. కడుపులో తిప్పిందా, అటే అడుగెయ్యండి" అన్నాడట. ఆ మాట మోసుకుని ఇంటికొచ్చిన మా ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఇన్నాళ్ళూ భయపడుతూ బతికానే" అన్నాడు.

నాకు తెలిసి అప్పటిదాకా ఆయన భయపడింది మా అమ్మ ఒక్కదానికే.

కొద్దిరోజులకు సభలు జరిగే హాలు యజమాని వచ్చాడు. హాలంతటికీ కొత్త కుర్చీలు కావాలి, అదీ వానాకాలం పోకముందే. నిన్నటి మా ఆయనైతే దణ్ణం పెట్టి పంపేసేవాడు. ఈసారి క్షణం ఆలోచించకుండా ఒప్పుకున్నాడు. కోత మిషన్లు కొనే డబ్బు కోసం అటక మీది కలపంతా అడితివాడికి అమ్మేశాడు. కుర్చీలకని అదే అడితి నుంచి చవకలో, అప్పుడే కోసిన చెక్క తెప్పించాడు. మామగారి కలప లారీ ఎక్కుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం ఈల వేస్తున్నాడు.

కొత్త చెక్క దిగింది. అలవాటు కొద్దీ పలక మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేశాడు.

"ఏమైందండీ?"

"తిప్పుతోంది."

"అయితే వెనక్కి పంపించెయ్యండి."

"పిచ్చిదానా! తిప్పితేనేగా ముందుకెళ్ళాల్సింది. తరగతిలో అచ్చం ఇదే చెప్పారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సూటాయన చెప్పింది నలుగురి ముందు నిలబడాలంటే పుట్టే వణుకు గురించి. ఇది చెక్క పచ్చిగా ఉందని మీ చెయ్యి చెబుతున్న మాట. రెండూ ఒకటేనా?"

ఆయన కోప్పడలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, "రెండూ ఇక్కడే తిప్పుతాయే. ఏది ఏదో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

నేను పాలిష్ డబ్బాలు సర్దడానికి లేచాను.

పనిలో దిగాక ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ఎంత తిప్పితే అంత ఎదుగుతున్నానని సంబరం. పాలిష్ పని నాది. ఎన్నిసార్లు పూసినా తెల్లగా పొర కట్టేది, లోపలి తడి బయటికొచ్చి. చూపిస్తే, "నువ్వూ భయాన్ని జయించాలి" అని నాకే నీతులు. జయించానో లేదో గానీ, నోరు మాత్రం మూసుకున్నాను.

కుర్చీలు చెప్పిన గడువుకే వెళ్ళాయి. హాలు యజమాని భుజం తట్టాడు. సూటాయన మా ఆయన్ని వేదిక ఎక్కించి మాట్లాడించాడు. ఆ రోజు ఆయన గొంతు వణకలేదు. నిజం చెప్పొద్దూ, వెనక వరసలో కూర్చున్న నాకూ గర్వంగానే ఉంది. నేనే అనవసరంగా నస పెట్టానేమో అనుకున్నాను.

వానలు వెళ్ళి ఎండలు ముదిరాయి. హాల్లో చెక్క ఆరడం మొదలుపెట్టింది, ఆరేకొద్దీ కుంచించుకుపోయింది, కాళ్ళ అతుకులన్నీ వదులయ్యాయి. ఏదో సభలో ఒక ముసలి మాస్టారు లేచి నాలుగు మాటలు మాట్లాడి, చప్పట్ల మధ్య మళ్ళీ కూర్చున్నారు. కుర్చీ కాళ్ళు నాలుగూ నాలుగు వైపులా విచ్చుకున్నాయి. తుంటి ఎముక విరిగింది. ఆయన ఇక లేచి నడవరని డాక్టర్లు చెప్పేశారు.

కుర్చీలన్నీ లారీలో వెనక్కొచ్చాయి. హాలు యజమాని లెక్క చూసి దింపించి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. మా ఆయన ఒక్కో కుర్చీ పట్టుకుని ఊపి చూశాడు. ఊగనిది ఒక్కటీ లేదు. మాస్టారిని చూడ్డానికి వెళ్తే ఆయన, "నీ తప్పేముంది నాయనా, నా బరువే ఎక్కువ" అని నవ్వబోయారట. ఆ మాట నాకు చెబుతూ మా ఆయన గోడకు తల ఆనించి ఏడ్చాడు.

తెలిసినవాళ్ళను బతిమాలి కొంచెం ఆరిన కలప తెచ్చాను, మళ్ళీ మొదలుపెడదామని. బాగా ఆరిన చెక్క, వేలితో కొడితే ఖంగుమంటోంది. ఆయన దాని మీద చెయ్యి పెట్టి, నా వైపు చూసి, "దీనికీ తిప్పుతోందే" అన్నాడు. ఇంకో పలక అందించాను. దానికీ అంతే. అన్నం తినే పీట ముట్టుకున్నా అంతేనట.

మొన్న పక్కవీధి మామ్మగారు వచ్చింది. వాళ్ళింట్లో పిల్లలందరూ మా మామగారు చేసిన ఉయ్యాలలోనే పెరిగారు. అది పాతబడిపోయింది.

"మునిమనవరాలు పుట్టింది బాబూ. ఉయ్యాల చేసి పెట్టు. తొందరేం లేదు, నీ తీరిక చూసుకునే చెయ్యి."

తొందరేం లేదన్న మాట విని నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన వైపు ఆశగా చూశాను. ఆయన తల ఎత్తలేదు.

"నా చేత్తో చేసినదాంట్లో పసిదాన్ని పడుకోబెట్టకండి మామ్మగారూ."

ఆవిడ తెల్లబోయి నా మొహం చూసింది. 'ఆయన అలాగే అంటారు, చేస్తార్లెండి' అందామని నోరు తెరిచాను. ఇంకా చూడనైనా చూడని ఆ పసిదాని మొహం కళ్ళముందు మెదిలింది. ఇనప ఉయ్యాలలు అమ్మే కొట్టు ఎక్కడుందో చెప్పి, ఆవిణ్ణి వీధి మలుపు దాకా దిగబెట్టి వచ్చాను.