మనిషి ఎక్కే దారి

అమ్మ మా ఇంటి ముందు ఏటవాలు మీద గొంతుక్కూర్చుని సుత్తీ ఉలీ పట్టుకుని సిమెంటు పగలగొడుతోంది, నేను కింద గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను, గేటు అవతల రోడ్డు ఉండవలసిన చోట సముద్రం ఉంది, అది అక్కడ ఉన్నందుకు నాకేమీ ఆశ్చర్యంగా లేదు. అమ్మ పోయి ఏడాది కావస్తోందని నాకు తెలుసు. తెలిసి కూడా, తుంటి విరిగిన మనిషి అలా కూర్చోకూడదు కదా అన్న కోపమే ముందుగా వస్తోంది. లేవమంటాను. వినిపించుకోదు.

విశాఖపట్నంలో కొండను చెక్కి వేసిన కాలనీ మాది. గేటు కింద, ఇల్లు పైన. నాన్న ఉన్నన్నాళ్ళూ ఆ వాలు మీద మందారాలూ కనకాంబరాలూ ఉండేవి, వాటి మధ్య నుంచి మట్టిమెట్లు వంకర తిరుగుతూ పైకి వచ్చేవి. మా అన్నయ్య పైడిరాజు కారు కొన్నాక మొక్కలన్నీ పీకించి, కారు వరండా దాకా ఎక్కేలా వాలంతా నున్నగా సిమెంటు చేయించాడు. గోడవారగా మనుషులకు మెట్లు వెయ్యమని అమ్మ అడిగింది. మెట్లు వస్తే కారు తలుపు తెరుచుకోదన్నాడు. పోనీ పట్టుకోవడానికి ఇనప పైపయినా పాతమంది. పండగ వెళ్ళాక అన్నాడు, వానలు తగ్గాక అన్నాడు. ఒక తుంపర్ల పొద్దున్న అమ్మ కూరలబండి అతన్ని కేకేస్తూ దిగి, సగంలో జారి, గేటు దాకా వచ్చి పడింది. మళ్ళీ నడవలేదు.

ఇప్పుడు మాత్రం చకచకా నడుస్తోంది. నేను ఒక అడుగు పైకి వేసేసరికి వాలు ఆసుపత్రి వరండా అవుతుంది, గోడవెంట కుర్చీల్లో మా చుట్టాలందరూ కూర్చుని ఉన్నారు, ఒక్కొక్కరూ నా చెయ్యి పట్టుకుని, ఆయుష్షు తీరిందమ్మా, ఎవరేం చెయ్యగలం అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆయుష్షు తీరలేదు, నేల జారింది అని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వెళుతున్నాను, వాళ్ళు తలూపి మళ్ళీ అదే మాట అంటున్నారు, వరండా చివర మళ్ళీ మా వాలే ఉంది, అమ్మ గోడవారగా గరుకురాళ్ళు పరుస్తోంది.

అమ్మ పని చూస్తూ నిలబడతాను. మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా, ఒక కాలు పెట్టి రెండో కాలు పక్కకు తెచ్చుకోవడానికి చోటుండేలా పరుస్తోంది. నేరుగా కాదు, నాన్న మెట్లలాగే వంకర తిప్పి. వాననీళ్ళు మెట్ల మీదికి రాకుండా పక్కన కాలువ తీస్తోంది. మధ్యలో ఒక చోట మాత్రం రాయి వెడల్పుగా వేసి, ఇక్కడ నిలబడి ఊపిరి తీసుకోవాలంటుంది.

ఏడాదిగా గొంతులో ఉండిపోయిన మాట అప్పుడు అడుగుతాను. "ఆసుపత్రికి వచ్చినవాళ్ళందరితో 'నా కళ్ళు మసకలు, నా తప్పే' అని ఎందుకు చెప్పావమ్మా? నీ కళ్ళకేం కాలేదు. నేల నున్నగా ఉందని ఒక్కసారి అని ఉంటే అన్నయ్యకు తెలిసేది."

అమ్మ సుత్తి పక్కన పెడుతుంది. నేను చిన్నప్పుడు పలక పగలగొట్టినప్పుడు చూసినట్టు చూస్తుంది.

"ఆడికి తెలీకేటి? తెలుసు కాబట్టే మంచం పక్కన తలొంచుకుని కూకున్నాడు. తలొంచుకుంటే నాకేటొచ్చింది కనకం? మెట్లు కట్టమను."

కట్టడం లేదని, ఎల్లుండి సంవత్సరీకానికి కాలనీ అందరికీ భోజనాలు పెడుతున్నాడని, నీ ఫొటో పెద్దది చేయించి హాల్లో పెట్టాడని చెబుతాను. చెబుతుంటే నా గొంతు నాకే ఎక్కువగా వినిపిస్తోంది.

"పెట్టమను. వచ్చినోళ్ళు ఏ దారినెక్కి వస్తారో అడిగావా?"

అడగలేదని నేననేలోపు కింద సముద్రంలోంచి కారు వస్తోంది, లోపల ఎవరూ లేరు, పట్టపగలు లైట్లు వెలుగుతున్నాయి, తడి టైర్లతో అది గేటు దాటి నిదానంగా వాలు ఎక్కుతోంది. అమ్మ జరగదు. నేను మధ్యలోకి వెళ్ళి రెండు చేతులూ అడ్డం పెడతాను. చేతుల కింద బానెట్టు ఆవు మెడలా వెచ్చగా ఉంది, ఆగుతుందో లేదో తెలియడం లేదు.

"దాన్ని రోడ్డు మీదే పెట్టుకోమను," వెనక నుంచి అమ్మ అంటోంది, అరవకుండా, ఎప్పటిలాగే. "రోడ్డు మీదుంటే దానికేటవుతాది, నాలుగు గీతలు పడతాయి. నాకేటయిందో చూశావు కదే."

వెనక్కి తిరిగాను, మెలకువ వచ్చింది.

అన్నయ్య ఇంట్లో అమ్మ గదిలో పడుకున్నాను. తెల్లవారింది, సన్నగా తుంపర పడుతోంది. కిటికీలోంచి చూస్తే అన్నయ్య గేటుకు తాళం తియ్యడానికి కిందికి దిగుతున్నాడు. లుంగీ పైకి కట్టి, పక్కకు తిరిగి, వాలు మీద ఆపిన కారును చేత్తో తడుముకుంటూ ఒక్కొక్క అడుగూ వేస్తున్నాడు. కారు పొడవు అయిపోయింది. చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది, దేన్నో వెతుక్కుంటూ.

నేను కిటికీ తెరిచి, ఇవాళే మేస్త్రీని పిలుస్తున్నానని, ముందు మెట్లు, తరవాతే భోజనాలని గట్టిగా చెప్పాను. అన్నయ్య విన్నాడు. కానీ తల ఎత్తలేదు, ఎత్తితే కాలు జారుతుంది.