ప్రాగ్‌లో మా వంతు

జగదీష్ గారి ఇంట్లో గోడంత టీవీ మీద ప్రాగ్ నగరం కనబడుతోంది. నది, నది మీద పాతకాలపు రాతి వంతెన, వెనక గుట్ట మీద కోట. ప్లెయిన్స్‌బరోలో ఆ ఇంటికి నేనూ మా ఆవిడ హైమా పాతికసార్లు వచ్చి ఉంటాం. ముందు తలుపులోంచి వచ్చి సోఫాలో కూర్చోవడం మాత్రం అదే మొదలు. ఎప్పుడూ గరాజ్‌లోంచే, ట్రేలు మోసుకుంటూ.

నేను వంటవాణ్ణి. తణుకులో ఎనిమిదో తరగతి తప్పాక మా మేనమామ వెంట పెళ్ళిళ్ళకు వెళ్ళి గరిట పట్టాను. గుడి వంటశాలలో పనికని ఈ దేశం వచ్చి, తర్వాత సొంతంగా కేటరింగ్ పెట్టుకున్నాను. ఈ చుట్టుపక్కల నా పులిహోర తినని తెలుగువాడు లేడు, నా ఇంటిపేరు తెలిసినవాడూ లేడు. అందరి ఫోన్లలోనూ నేను ‘కుక్ నరసింహ’నే.

అలాంటి నాకు జగదీష్ గారు ఫోన్ చేసి, "అక్టోబర్‌లో వారం రోజులు ప్రాగ్ ప్లాన్ చేస్తున్నామండీ. మీరూ మేడమూ కూడా రావాలి. శనివారం మధ్యాహ్నం ఇంటికి రండి, మాట్లాడుకుందాం" అన్నారు. మా ఆవిణ్ణి మేడం అన్న మొదటి మనిషి ఆయనే. పద్నాలుగేళ్ళలో మేం ఊరు దాటిందల్లా వేరే ఊళ్ళో వంటకే. ఇక హైమ ఆ వారమంతా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూడా ఫోన్‌లో ఆ ఊరి వీడియోలే చూసింది.

గదిలో మేం కాక జగదీష్ గారూ, ఆయన భార్య మైత్రి గారూ, కాలేజీలో చదివే వాళ్ళమ్మాయి దియా, కొత్తగా పెళ్ళయిన సాయి తేజ, అదితి, రిటైరైన గుండె డాక్టరు సూర్యప్రకాశ్ గారు. మొత్తం ఎనిమిది మందిమి.

"మన ట్రిప్‌లో బ్యూటీ ఏంటంటే ఫ్లెక్సిబిలిటీ అండీ" అన్నారు జగదీష్ గారు. "ఎవరూ ఎవరికోసం వెయిట్ చెయ్యక్కర్లేదు. మ్యూజియం కావాలంటే మ్యూజియం, నిద్ర కావాలంటే నిద్ర."

టీవీ మీదికి ఒక పట్టిక వచ్చింది. ఒక్కొక్కరి పేరు, ఎదురుగా ఏడు గడులు. అన్నిట్లోనూ ‘ఫ్లెక్సిబుల్’ అని ఉంది. ఆఖరి వరుస నాది. అందులో ఒక్క గడీ ఖాళీ లేదు. పొద్దున ఇడ్లీ, దారికి పులిహోర పొట్లాలు, రాత్రికి సాంబారు. మర్నాడు ఉప్మా, చపాతీలు, పప్పుచారు. అలా ఏడు రోజులూ. హైమ పేరు ఎక్కడా లేదు. ‘నరసింహ ప్లస్ వన్’ అని రాశారు.

"టికెట్లు మావేనండీ" అన్నారు మైత్రి గారు, ఏదో వరం ఇస్తున్నట్టు. "పెద్ద కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ బుక్ చేశాం. మూడో రోజుకి సాంబార్ పడకపోతే నాకు తలనొప్పి వచ్చేస్తుంది."

పిలుపు సంగతి అప్పుడర్థమైంది. హైమ నా వైపు చూడలేదు. టీవీ వైపే చూస్తూ చున్నీ సర్దుకుంది. లేచి వెళ్ళిపోదామనిపించింది. వెళ్తే, వంటవాడికి ఎంత పొగరో అంటారు. ఉంటే, హైమ ఆ వంతెనను వంటింటి కిటికీలోంచి చూసి వస్తుంది. చదువుకున్నవాళ్ళు మనిషిని అవమానించేటప్పుడు కూడా నవ్వుతూ, టీ ఇచ్చి చేస్తారు. తిట్టడానికి కూడా సందు దొరకదు.

ఇంతలో మైత్రి గారు ఇరవై కప్పుల రైస్ కుక్కరు తెచ్చి నా ముందు పెట్టారు. "ఇది మీకు సరిపోతుందా?"

జగదీష్ గారు జేబులోంచి చిన్న ప్లగ్గు తీసి చూపించారు. "అడాప్టర్లు కూడా కొనేశానండీ. అక్కడి సాకెట్‌లో పెట్టి ఆన్ చెయ్యడమే."

కుక్కరు తిరగేసి చూశాను. అడుగున కాగితం మీద నూట ఇరవై వోల్టులని ఉంది.

"ఇది ఇక్కడి కుక్కరు కదండీ. అక్కడ గోడలో వచ్చేది రెండువందల ముప్ఫై, మన తణుకులో లాగే. ఈ ప్లగ్గు పిన్నుల్ని మారుస్తుంది గానీ కరెంటును మార్చదు."

"లాప్‌టాప్‌లూ ఫోన్లూ అన్నీ పనిచేస్తాయి కదండీ?"

"వాటి చార్జర్లు రెండిటికీ పనికొచ్చేలా చేసినవి. ఇది కాదు. మొదటి రోజు అన్నం ఉడక్కముందే కుక్కరు మాడుతుంది."

ఇండియా మిక్సీని ఇక్కడ తిప్పడానికి ట్రాన్స్‌ఫార్మర్ కొననివాళ్ళు ఆ గదిలో లేరు. ఇక్కడి కుక్కరు అక్కడికి మోసుకెళ్తే అదే తంటా తిరగబడుతుందని ఒక్కరికీ తట్టలేదు. పైగా జగదీష్ గారిది కరెంటు కంపెనీలో పెద్ద ఉద్యోగం.

"డాడీ! యు ఆర్ లిటరల్లీ ఎలక్ట్రికల్ ఇంజినీర్!" అంటూ దియ సోఫా మీద దొర్లి నవ్వింది.

"వీధి వీధంతా చీకటి చేసేవాడివోయ్ జగదీష్" అన్నారు డాక్టరు గారు.

జగదీష్ గారు కూడా నవ్వేశారు. "అందుకే నరసింహ గారు ఉండాలన్నాను. కుక్కరు లేకపోయినా గిన్నెలో వండేస్తారు."

"వండేస్తాను" అన్నాను. "పదిహేను వందల మందికి వండినవాణ్ణి, ఎనిమిది మందికి వండలేనా? కానీ వండను."

నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"వస్తాం. మా టికెట్లు మేమే కొనుక్కుంటాం. రాత్రి భోజనం ఒక్కటీ ఏడింటికి అందరం కలిసి చేద్దాం. వంతులు వేసుకుందాం. ఇంటికి రెండు, డాక్టరు గారు ఒక్కరే కాబట్టి ఒకటి. మిగతా రోజంతా ఎవరిష్టం వాళ్ళది. ఎంత పెద్ద పెళ్ళయినా నేను అన్నిటికీ టైము పెట్టనండీ. అన్నం వార్చే టైము ఒక్కటే పెడతాను. మిగతా పనులు దాని చుట్టూ అవే సర్దుకుంటాయి."

"అయితే ఇంక మీరెందుకండీ రావడం?"

మైత్రి గారి నోరు జారింది. అని, ఆవిడే పెదవి కొరుక్కున్నారు. నా నాలిక చివర పెద్ద మాటే ఉంది. అది బయటికి రాకముందే హైమ అంది.

"చూడ్డానికండీ."

అని ఊరుకోలేదు. "కోట గేట్లు పొద్దున్న ఆరింటికే తీస్తారట. గుళ్ళూ గదులూ తర్వాత తీసినా, ఆవరణంతా తిరగొచ్చు. జనం వచ్చాక ఫోటోలు తీసుకునేవాళ్ళ వీపులే కనబడతాయి. నేను ఆరింటికే వెళ్తాను. వచ్చేవాళ్ళు రండి."

ఆ పట్టిక చేసినాయనకి ఆ సంగతి తెలియదు. ఆయన గడుల్లో కోట ఊసే లేదు. మా ఇంట్లో చిక్కుడుకాయల ఈనెలు తీసే మనిషికి తెలుసు. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

"హైమ ఆంటీ, నేను వస్తా మీతో" అంది దియ. అదితి కూడా చెయ్యెత్తింది.

డాక్టరు గారు గొంతు సవరించుకున్నారు. "నాకొచ్చింది ఉప్మా ఒక్కటే. నా వంతు రోజు అందరూ అదే తినాలి. ఏమైనా అయితే చూడ్డానికి నేనే ఉన్నాను."

సాయి తేజ నా పక్కకు జరిగి, "అన్నా, గిన్నెలో అన్నం వార్చడం ఎలాగో ఒకసారి నేర్పవా? పరువు పోయేలా ఉంది" అని చెవిలో అడిగాడు. నేర్పుతానన్నాను. నేర్పడానికేం, అది ఊడిగం కాదు.

జగదీష్ గారు నా వరుసలోని గడులన్నీ చెరిపేశారు. ‘ప్లస్ వన్’ తీసేసి హైమకి వేరే వరుస వేశారు. తప్పు ఒప్పుకోవడం ఆ మనిషికి ఆ మాత్రం వచ్చు. అది నేను కాదనను.

బయల్దేరుతుంటే మైత్రి గారు గుమ్మం దాకా వచ్చారు. "ఏమీ అనుకోకండి నరసింహ గారూ, అలవాటులో అనేశాను. కనీసం మీ రెండు వంతుల్లో ఒక రోజైనా గుత్తొంకాయ చేస్తారు కదా?"

నేను నోరు తెరిచేలోగా హైమ అందుకుంది. "మా వంతు వచ్చినప్పుడు నది పక్కన మంచి హోటల్ చూసి టేబుల్ బుక్ చేస్తామండీ. వాళ్ళు తెచ్చి పెడతారు, మనం కూర్చుని తిందాం."

నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ హోటల్ ఎక్కడుందో, అక్కడ ఏం పెడతారో నాకు తెలియదు. అయినా ఆ టేబుల్ నేనే వేయించినట్టు మెడ నిక్కించి, "ఏడింటికల్లా వచ్చెయ్యాలి. లేటుగా వస్తే ఊరుకోను" అన్నాను అందరికీ వినబడేలా.