వెనక్కి చూసే పిట్ట

టిటికాకా సరస్సు మధ్య ఆ దీవిలో అల్లిక మగాళ్ల పని, మగ్గం ఆడవాళ్లది. పిల్లనడగడానికి వచ్చినవాడు తాను అల్లిన టోపీ తేవాలి. మామ అందులో నీళ్లు పోస్తాడు. చుక్క కారిందా, పెళ్లి లేదు.

అలిపియో తెచ్చిన టోపీలో పిల్ల తండ్రి సెల్సో నీళ్లు పోయనేలేదు. దాని చుట్టూ అల్లిన సరస్సు పిట్టల్నే చూస్తున్నాడు. ప్రతి పిట్టా మెడ తిప్పి వెనక్కి చూస్తోంది.

"ఇది మా ఇంటి పిట్టరా! మా నాన్న నాకు నేర్పాడు, నేను ఎవడికీ నేర్పలేదు. ఎక్కడ కొట్టేశావురా దొంగవెధవా?"

అలిపియో నోరు విప్పలేదు. సెల్సో టోపీ విసిరికొట్టి, పడవ తెడ్డు అందుకుని వీపు మీద బాదాడు. కింద పడ్డవాణ్ణి జుట్టు పట్టి లేపి మొహం మీద గుద్దాడు. ముక్కు పగిలి నెత్తురు బొటబొటా కారింది.

"చెప్పవూ? ఈ పూటే సరస్సులో తొక్కేస్తా!" తెడ్డు మళ్లీ లేచింది.

మగ్గం ముందున్న కూతురు డెల్ఫినా ఒక్క ఉదుటున వచ్చి, కిందపడ్డ టోపీని తీసి అలిపియో ముక్కు కింద పట్టింది. కారిన నెత్తురంతా అందులో పడింది. దాన్ని తండ్రి మొహం ముందుకు ఎత్తింది.

"నీళ్లు పోయడానికి నీకు చెయ్యి రాలేదుగా నాన్నా. ఇదిగో, చుక్క కారిందేమో చూడు."

సెల్సో టోపీ అడుగు తడిమాడు. పొడిగా ఉంది.

"అతనికి అల్లడం చేతకాదు. మగ్గం ముందు కూర్చుని నీ సూదులు చూస్తూ నేర్చుకున్నా. అల్లింది నేనే. ఇప్పుడు కొట్టు."