పసుపు కింది సంవత్సరం

నౌషీన్ ఇల్లు దాటబోతుంటే అత్త రబియా గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పిల్ల ఒళ్ళు వెచ్చగుంటే గీ ఎండల యాడికే? తల్లిగారింట్ల దావత్ ఉన్నదా?"

"ఒక పుస్తకం చూసేదున్నది అమ్మీ. పొద్దుమీకేలోపు వస్త."

"పుస్తకం చూడనీకి లక్సెట్టిపేటకెల్లి చెన్నూరు పోతరా ఎవరన్న! సాదిక్‌కు చెప్పినవా?"

"చెప్పిన. నీకంటె ఎక్కువ నవ్విండు."

మొగుడు నవ్వితే నవ్వనీ అనుకుని బస్సెక్కింది. దారిపొడవునా ఒళ్ళోని ఫర్హీన్ నుదురు తడుముతూనే ఉంది. పళ్ళు వస్తున్నాయి, అందుకే వెచ్చదనం అని డాక్టరు చెప్పాడు. అయినా చెయ్యి ఊరుకుంటేనా?

ఇంటర్ మొదటి సంవత్సరంలోనే పెళ్ళయి నౌషీన్ చదువు ఆగింది. బిడ్డ నిద్రపోయే వేళల్లో ఫోనులో ఒక ఆన్‌లైన్ నిఘంటువుకు మాటలు అందిస్తుంటుంది. మాట ఎవరైనా ఇవ్వొచ్చు. కానీ అది నిలవాలంటే పాతకాలపు అచ్చు పుస్తకంలోంచి ఆ మాట ఉన్న వాక్యమొకటి చూపాలి. ఎక్కడ అచ్చయింది, ఏ సంవత్సరం, ఎన్నో పేజీ అన్నీ కళ్ళతో చూసి రాయాలి. 'నిమ్మళం' అన్న మాట పక్కన ఎవరో 'అచ్చులో ఆధారం లేదు' అని గుర్తు పెట్టారు. నౌషీన్‌కు తిక్కరేగింది. బిడ్డ ఏడుపు ఆపిన ప్రతిసారీ తన నోట వచ్చే మాట అది. లేని మాట ఎలా అవుతుంది?

పోయిన నెల పుట్టింటికి వచ్చినప్పుడు, నాన్న సత్తార్ బట్టల దుకాణానికి పాత ఖాతాదారైన జలపతిరావు ఇంట్లో, పిల్లల వైద్యం పుస్తకం ఒకటి తిరగేసింది. 'జ్వరము విడిచిన పిమ్మట బిడ్డకు నిమ్మళమగును' అని అందులో అచ్చయి కనబడింది. సంబరం పట్టలేక ఆ పేజీ ఒక్కటే ఫొటో తీసుకుంది. సంవత్సరం చూసుకోనేలేదు. కరీంనగర్ నుంచి నిఘంటువును సరిచూసే శ్రేయ నిన్న ఫోన్ చేసి ఖండితంగా చెప్పింది. "రేపు పొద్దుమీకంగ 'ని' మాటలు మూసేస్తున్నం. సంవత్సరం లేకుంటే తీసెయ్యాల్సిందే నౌషీన్. నీకొక రూలు, ఇంకొకరికి ఒక రూలు ఉండదు."

చెన్నూరులో బస్సు దిగి నేరుగా ఇంటికి వెళితే, జలపతిరావు బీరువాలోంచి పుస్తకం తీసి మంచం మీద పెట్టాడు. "నీ బాపు చీరలమ్ముతడు, నువ్వు మాటలు ఏరుకుంటవు. చూసుకో బిడ్డా."

నౌషీన్ అట్ట తిప్పి ముఖపత్రం తెరిచింది. పేరు కనబడుతోంది, అచ్చయిన ఊరు కనబడుతోంది. కింద సంవత్సరం ఉండవలసిన చోట అరచేయంత మేర పసుపు, దాని మీద కుంకుమ గట్టిపడి ఉన్నాయి.

"ఇదేంది తాతా?"

"దసరకు పుస్తకాలు పూజకు పెడ్తం గద. మా అవ్వ బతికున్నన్ని దినాలు ఏటా అక్కడ్నే బొట్టు పెట్టింది."

నౌషీన్ కొంగు తడిపి తెచ్చింది. ముసలాయన పుస్తకం వెనక్కి లాక్కున్నాడు.

"తుడువద్దు! అది మా అవ్వ చేతి పసుపు. ఏదో ఒక ఏడు రాసెయ్‌రాదు? ఎవడొచ్చి చూస్తడు?"

"వద్దు తాతా. ఒక్కటి దొంగది పెడితే నేను పెట్టినయన్నీ దొంగవే అంటరు. పోనీ, తుడువ. మళ్ళొకసారి చూడనియ్యి."

ఆఖరి పేజీ దాకా వెతికింది. సంవత్సరం ఇంకెక్కడా లేదు. ఇంతలో ఫర్హీన్ లేచి గుక్కపట్టింది. బిడ్డను భుజానేసుకుని "నిమ్మళం, నిమ్మళం" అంటూ ఊపుతూనే ఒంటి చేత్తో ముఖపత్రం తిప్పింది. కాగితం వెనక బొటనవేలికి ఏదో గరుకుగా తగిలింది. రోజూ సాయంత్రం బిడ్డ వీపు మీద చెమటకాయలు వెతికే వేలు అది. టక్కున ఆగిపోయింది. పాతకాలపు అచ్చు కదా, అక్షరాలు కాగితంలో గట్టిగా దిగాయి. ముందు పసుపు కప్పిన అంకెలు వెనక బుడిపెలుగా లేచి ఉన్నాయి!

"తాతా, నీ ఫోన్ల లైటు పెట్టు. పైనుంచి కాదు, పక్కకెల్లి. జర కిందికి!"

"వైద్యమే చేస్తున్నట్టున్నవ్ పుస్తకానికి," అంటూనే వంగి వెలుగు పట్టాడు. బుడిపెల పక్కన నీడలు పడ్డాయి. నౌషీన్ ఫొటో తీసి, అద్దంలో చూసినట్టు తిప్పింది. తెలుగు అంకెలు. ఒకటి, ఎనిమిది, తొమ్మిది తేలాయి. చివరిది రెండో ఏడో తేలలేదు.

"రెండు అనుకో. అయిదేండ్ల ఫరకే గద."

"అనుకోను," అంది నౌషీన్. పుస్తకంలో రెండో పేజీ అంకె, ఏడో పేజీ అంకె చూసి, వాటినీ ఫొటో తీసి, మళ్ళీ ముఖపత్రం వెనక బొటనవేలు పెట్టింది. వేలు జరుపుతూ, లైటు జరిపిస్తూ ఇంకో రెండు ఫొటోలు తీసింది. భుజం గుంజుతోంది. బిడ్డ జుట్టు పట్టి లాగుతోంది. చివరికి "ఏడు" అంది.

ఫొటోలన్నీ అందిన కాసేపటికి శ్రేయ ఫోన్ చేసింది.

"ముఖపత్రం మీద పసుపే ఉన్నది గదా నౌషీన్?"

"వెనకకెల్లి తీసినయి చూడు అక్కా. ఏడో పేజీ అంకె పక్కన పెట్టుకొని చూడు."

నౌషీన్ ఫోను చెవికి ఆనించుకునే బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంది.

"ఏడే," అంది శ్రేయ. "పెడ్త. కాని సంవత్సరం కాగితం వెనక నుంచి చదివినమని రాస్త."

"రాయి అక్కా. ఎట్ల చదివిననో గట్లనే రాయి."

నిమిషాల్లో తెర మీద 'నిమ్మళం' కింద ఆ వాక్యం వచ్చింది. పక్కన ఊరు, సంవత్సరం, పేజీ. 'ఆధారం లేదు' అన్నది పోయింది. జలపతిరావు కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు.

"ఇగ దసరకు బొట్టు అట్ట మీదనే పెట్టిస్త," అంటూ పుస్తకం అందుకోబోయాడు.

నౌషీన్ పేజీ మీద చెయ్యి తీయలేదు. బిడ్డ నుదురు ఒకసారి తడిమింది. "బస్సుకు ఇంకా టైమున్నది తాతా. దాహానికి మనమనే 'దూప' కూడ ఇందులనే ఉంటదేమో, చూద్దాం. ఆ లైటు ఇటు పట్టు."