బొత్తాం లేని కాజా

చనిపోయిన పిల్లను చూసి కుళ్ళుకునే మనిషి కూడా ఉంటుందా అని మీరు అడగవచ్చు. ఉంది. మా వీధి మలుపులో కుట్టుమిషను పెట్టుకుని కూర్చుంది. అది నేనే.

ఆ పిల్ల నా తోడికోడలి కూతురు. కాగితాల మీద ఏదో పేరుంది గానీ ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. మాటలు వచ్చిన రోజు నుంచి నోరు మూసింది లేదు కాబట్టి అందరికీ అది చిలకే. ఆరేళ్ళు నిండాక వచ్చిన జ్వరం మూడు రోజుల్లో దాన్ని పట్టుకుపోయింది. ఇది మూడేళ్ళ కిందటి మాట.

మట్టి చేసి వచ్చిన రోజున ప్రార్థన మందిరం పెద్దాయన అందరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు. పూలు తెచ్చి ఏం లాభం, రేపటికి వాడిపోతాయి, ఈ పిల్ల పేరున ఎవరికైనా ఒక మంచిపని చెయ్యండి, దేవుడికి అందేది అదే అన్నాడు. అది ఆనవాయితీ అయి కూర్చుంది. ఏటా చిలక పుట్టినరోజున మందిరానికి వచ్చేవాళ్ళంతా తలా ఒక పని చేస్తారు. చేసిన చోట ఆకుపచ్చ అట్టముక్క ఒకటి వదిలి వెళతారు. దాని మీద ‘ఇది చిలక పేరున’ అని మాత్రమే ఉంటుంది. చేసినవాళ్ళ పేరు ఉండకూడదు.

మొదటి ఏడు చూపు ఆనని ముసలాయన ఇంటి మెట్లు బాగుచేశారు. మంచం పట్టిన పంతులమ్మకు నెలరోజులు వంతులవారీగా అన్నం పంపారు. రెండో ఏడు నేను బట్టల కోసం బజారుకు వెళ్ళి వచ్చేసరికి ఊచ విరిగిన నా గొడుగు చక్కగా బాగుపడి తలుపుకు వేలాడుతోంది, ఆకుపచ్చ అట్టతో సహా. ఆ గొడుగు వేసుకుని నడిచినప్పుడల్లా నా కడుపు మండేది. జోరున వాన కురుస్తున్నా మండేది.

ఎందుకో చెబుతాను. చిలక నా తోడికోడలి కడుపులో ఉన్నప్పుడే నా కడుపులోనూ ఒకడు ఉన్నాడు. దానికంటే నాకు మూడు నెలలు ముందు. మిషను తొక్కడం మొదలుపెడితే చాలు, డొక్క కింద ఒకే చోట గుండ్రంగా ఒత్తుకుని కూర్చునేవాడు, లోపలి నుంచి ఎవరో బొత్తాం కుట్టినట్టు. అందుకని బొత్తాం అని పిలుచుకునేదాన్ని, మనసులోనే. మా ఆయనకు కూడా చెప్పలేదు. పుట్టాక చెబుదాంలే అనుకున్నాను.

ఎనిమిదో నెలలో ఊపిరి లేకుండా పుట్టాడు. నర్సమ్మ తెల్లగుడ్డలో చుట్టి, చేతికి ఇచ్చి, కాసేపటికి తీసుకుపోయింది. మా ఆయన అప్పుడు కింద కాగితాలు రాయించడానికి వరసలో నిలబడి ఉన్నాడు. పైకి వచ్చేసరికి నా చేతులు ఖాళీ. ఆయన వాణ్ణి చూడనే లేదు. చూశావా అని నన్ను అడగలేదు, చూశానని నేను చెప్పలేదు. మా అత్తగారు, పాపం ఆవిడకు నా మీద ప్రేమే, ఒక్క ఊపిరైనా తియ్యని వాడి కోసం ఏడ్చి ఒళ్ళు పాడుచేసుకోకు అంది. మందిరంలో ప్రార్థన లేదు. పేరు లేదు. నాలుగు నెలలకు చిలక పుట్టింది. ఇల్లంతా ఆ సంబరంలో మునిగిపోయింది. నేను కూడా నవ్వుతూ పాపకు చొక్కాలు కుట్టాను.

చిలక బతికి ఉండగా ఏడుపు ఒక రకం, పోయాక ఇంకో రకం. అది రోజూ నా కొట్టుకు వచ్చి బొత్తాల డబ్బా ముందేసుకుని రంగులవారీగా వేరు చేసేది. ఒకసారి తలెత్తి, పెద్దమ్మా, నీకు పాపలు లేరేం అని అడిగింది. పనుంది పో అని కసిరాను. మర్నాడు అది ఏమీ జరగనట్టే వచ్చి కూర్చుంది. ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఆ పిల్ల నాది కాదని మంట. రెండూ నిజమే, ఏది ఎక్కువ అని నన్ను అడగకండి.

పోయాక మాత్రం మంట ఒక్కటే మిగిలింది. నా తోడికోడలు వీధిలో నడిస్తే ముసలివాళ్ళు కూడా పక్కకు జరిగి దారి ఇస్తారు. మందిరంలో దాని చెయ్యి పట్టుకోని మనిషి లేడు. దాని దుఃఖానికి ఒక పేరుంది, ఒక రంగుంది, ఏడాదికి ఒక రోజుంది. నా దానికి ఏముంది? ఇది తప్పని తెలుసు. తప్పని తెలిసినంత మాత్రాన కుళ్ళు ఆగుతుందా?

ఈ ఏడు పెద్దాయన కొత్త పని చెప్పాడు. ఆసుపత్రిలో పుట్టే పిల్లలకు చుట్టడానికి నలభై దుప్పట్లు కావాలట. బట్టల కొట్టాయన తెల్లని మెత్తగుడ్డ ఇస్తానన్నాడు. కుట్టడం అనే మాట వచ్చేసరికి మందిరంలో తలలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. నలుగురిలో కాదంటే బాగుండదు. అది చాలదన్నట్టు మర్నాడు తోడికోడలు కొట్టుకు వచ్చి స్టూలు మీద కూర్చుని, ప్రతి దుప్పటికీ ఒక మూల చిన్న చిలక బొమ్మ కుడతావా అక్కా అని అడిగింది. సరేనన్నాను. లోపల పళ్ళు కొరికాను.

నలభై చిలకలు. ఆకుపచ్చ దారంతో ఒళ్ళు, ఎర్ర దారంతో ముక్కు. ఎవరి పిల్ల పేరో నా వేళ్ళతో నలభైసార్లు రాయాలి. పైగా ఆ దుప్పట్లు వెళ్ళేది ఏ ఆసుపత్రికి? నా చేతుల్లోంచి వాణ్ణి తీసుకుపోయిన ఆసుపత్రికే, ఆ గదికే. ఏడో చిలక ముక్కు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. సూది కదలనంది.

అప్పుడు నేనొక పని చేశాను. చిలక ఉన్న మూలకు ఎదురు మూలలో బ్లేడుతో గోరంత చీలిక కోసి, దాని చుట్టూ తెల్లదారంతో కాజా కుట్టాను. కాజా అంటే చొక్కాకు బొత్తాం దూర్చే చీలిక. దారం దగ్గరదగ్గరగా పడాలి, లేకపోతే నాలుగు ఉతుకులకే విచ్చుకుపోతుంది. నా చేతి కాజా కోసం నాలుగు వీధుల అవతల నుంచి మనుషులు వస్తారు. తెల్లగుడ్డ మీద తెల్లదారం, ఎవరికీ కనిపించదు. కనిపించకపోయినా ఫరవాలేదు. ఆ గదిలో పుట్టే ప్రతి బిడ్డ ఒంటి మీదా నా బొత్తాం చోటు ఒకటి ఉంటుంది. ఇక చెయ్యి ఆగలేదు. నలభై చిలకలూ, నలభై కాజాలూ అయ్యాయి. తొమ్మిదేళ్ళలో ఆ పది రోజులే నేను ఎవరి మీదా ఏడవకుండా పనిచేశాను.

ఇస్త్రీ చేసి మడతపెడతానని తోడికోడలు దుప్పట్లన్నీ తన ఇంటికి పట్టుకెళ్ళింది. చిలక పుట్టినరోజు ఉదయం, మందిరానికి మోసుకెళ్ళడానికి సాయంగా నేను వాళ్ళింటికి వెళ్ళాను. బల్ల మీద దుప్పట్లు నాలుగు దొంతరలుగా ఉన్నాయి. ఆవిడ నన్ను వంటింటి వైపు పిలిచి గొంతు తగ్గించింది.

“అక్కా, నేను ఎవరికీ చెప్పలేదులే. దుప్పట్లన్నిటికీ మూల చిరుగులున్నాయి. కత్తెర తగిలిందో ఏమో. నీకు చెడ్డపేరు రాకూడదని రెండు రోజులు కూర్చుని అన్నీ కుట్టేశాను.”

పైనున్న దుప్పటి తీసి చూశాను. నా కాజా నోరు మూసి ఉంది. అడ్డదిడ్డంగా ఐదు కుట్లు, చివర కందిగింజంత ముడి. ఆవిడకు జన్మలో సూది పట్టడం రాదు. రెండోది తీశాను. మూడోది తీశాను. నలభైకి నలభై మూసేసింది. పైగా నా పరువు కాపాడానన్న తృప్తి ఒకటి మొహం మీద.

ఒళ్ళు భగ్గుమంది. ఇంత ఉండి కూడా, నాకున్న ఈ గోరంత చోటు కూడా మూస్తేగానీ దీనికి నిద్రపట్టలేదు అనుకున్నాను. అలా అనుకోవడం అన్యాయం. అన్యాయమని అప్పుడు తోస్తే కదా.

“అవి చిరుగులు కావు. కాజాలు.”

“దుప్పటికి కాజా ఎందుకక్కా? బొత్తాం లేకుండా?”

“నా బొత్తాం పోయాడు కాబట్టి. నువ్వు చిలకను మోస్తున్నప్పుడు నేను ఎవణ్ణి మోశానో గుర్తుందా నీకు?”

ఒకసారి నోరు తెరిచాక ఇక ఆపలేకపోయాను. గొడుగు సంగతి చెప్పాను. ఆకుపచ్చ అట్టల్లో ఒకటి పొయ్యిలో వేశానని చెప్పాను. చిలకను మట్టిచేసిన రోజు అంత మందిని చూసి, నా వాడికి నలుగురైనా రాలేదే అని ఆ మట్టి దగ్గరే కుళ్ళుకున్నానని చెప్పాను. అది కూడా చెప్పేశాను. ఆవిడ ఏడుస్తుందనీ, నేను రాక్షసినవుతాననీ అనుకున్నాను.

ఆవిడ ఏడవలేదు. ఒక దుప్పటి తీసుకుని నేల మీద చతికిలబడి, తను వేసిన ముడిని పళ్ళతో కొరకడం మొదలుపెట్టింది. గుడ్డ చిరుగుతుంది ఆగమని నేనే జాకెట్టులోంచి చిన్న కత్తెర తీసి ఇచ్చాను. ఆవిడ బల్ల సొరుగులోంచి ఇంకో కత్తెర తెచ్చి నాకిచ్చింది. ఎదురెదురుగా కూర్చుని కుట్లు విప్పాము. నాలుగు దుప్పట్లు అయ్యాయి.

“మగపిల్లాడా?” అని అడిగింది, తలెత్తకుండా.

తొమ్మిదేళ్ళు ఒకే అత్తగారి గడప తొక్కాం. ఆవిడకు అది కూడా తెలియదు. కడుపుతో ఉన్నదానివి, ఆ ఊసు ఎత్తకు, నీ బిడ్డకు మంచిది కాదు అని అత్తగారు కట్టడి చేసిందట. చిలక పుట్టాక అడగడానికి మొహం చెల్లలేదట. చిలక పోయాక, నీ సంగతి నాకు అర్థమైందక్కా అని చెప్పడానికి మూడుసార్లు నా కొట్టు దాకా వచ్చి, నా మొహం చూసి వెనక్కి వెళ్ళిపోయిందట. నా మొహం సంగతి నాకు తెలుసు కాబట్టి ఆ మాట నమ్మాను.

మగపిల్లాడే అన్నాను. బొత్తాం అని పిలుచుకునేదాన్నని చెప్పాను. ఆవిడ చేతిలో కత్తెర ఆగింది.

“అయితే మా చిలకకు అన్న.”

వేళయ్యేసరికి ముప్పై ఒకటి విప్పగలిగాం. తొమ్మిది మిగిలిపోయాయి. విప్పినవాటికి కూడా సూది పోట్లు కనిపిస్తూనే ఉన్నాయి. అలాంటి పని నా చేతిలోంచి ఎప్పుడూ బయటికి పోలేదు. ఆ రోజు పోనిచ్చాను.

మందిరంలో దుప్పట్లన్నీ ముందు పేర్చారు. నేను మా ఆయన పక్కన కూర్చున్నాను. పెద్దాయన లేచి, చిలక పేరున ఈ నలభై దుప్పట్లు అని మొదలుపెట్టాడు. నా తోడికోడలు లేచి నిలబడింది. ఆ మనిషి ఎన్నడూ నలుగురిలో గొంతెత్తింది కాదు.

“చిలక పేరున, వాళ్ళన్న పేరున,” అంది. “మా అక్క కొడుకు. బొత్తాం.”

ముందు తన కూతురి పేరే చెప్పింది. నాకు చురుక్కుమంది. అంతలోనే తలలన్నీ మళ్ళీ నా వైపు తిరిగాయి, ఈసారి కుట్టుపని కోసం కాదు. మూడేళ్ళుగా నేను ఏ చూపుల కోసం కుళ్ళి చచ్చానో, ఆ చూపులే. వాటి బరువుకు తల ఎత్తలేకపోయాను. ఇంత బరువును ఆ పిచ్చిది మూడేళ్ళు ఎలా మోసింది?

వెనక వరసలోంచి పంతులమ్మ ముందుకు వంగి నా భుజం మీద చెయ్యి వేసింది. పురిటిగదిలోకి వచ్చిన ప్రతి మనిషీ ప్రతి తల్లినీ అడిగే మాటే అడిగింది.

“ఎవరి పోలికమ్మా?”

తొమ్మిదేళ్ళలో నన్ను ఎవరూ అడగని మాట. జవాబు మాత్రం నా దగ్గర సిద్ధంగానే ఉంది.

“ముక్కు నాది. చెవులు వాళ్ళ నాన్నవి. అచ్చం ఇలాగే, కొసలు కొంచెం బయటికి.”

మా ఆయన నా వైపు తిరిగాడు. చెయ్యెత్తి తన చెవి పట్టుకుని చూసుకున్నాడు.

“నావా?” అని అడిగాడు.