ఆరబెట్టే గదిలో యంత్రం

నీటి సరఫరా ఇంజనీరు ఆ లాండ్రీకి వచ్చింది కుళాయికి సీలు వేయడానికి. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం ఆమె చేతిలో గ్లాసుడు చల్లటి నీళ్ళున్నాయి. సీలు సంచిలోనే ఉండిపోయింది.

రిజర్వాయరు అడుగు కనిపించాక ఊళ్ళో లాండ్రీల కుళాయిలన్నిటికీ సీలు వేయమని ఉత్తర్వు వచ్చింది. ఈ లాండ్రీని నడిపే అక్కకు ఆసుపత్రి దుప్పట్లు ఉతకడమే ఆధారం. భర్త వ్యాను నడుపుతాడు. కుళాయి ఆగితే వ్యాను ఆగుతుంది, ఆ వెంటనే పొయ్యి ఆగుతుంది.

ఇంజనీరును ఆపింది అక్క కాదు, ఆమె తమ్ముడు. వీధిలో అతన్ని అందరూ సైంటిస్టు అంటారు, గౌరవంతో కాదు. మొదట అతను మబ్బు పట్టగానే మోగే యాప్ చేశాడు. కరువులో అది ఒక్కసారి కూడా మోగలేదు. తర్వాత నీళ్ళు వృథా చేస్తే తిట్టే కుళాయి చేశాడు. చుక్క రాని ఇళ్ళలో పాపం అది ఎవరిని తిడుతుంది? ఇప్పుడు చేసింది గాలిలోని తేమను చల్లబరిచి నీళ్ళుగా మార్చే యంత్రం. బీరువా అంత ఉంటుంది. అంత కరెంటు లాగగల ప్లగ్గు దుప్పట్లు ఆరబెట్టే వెనక గదిలోనే ఉంది కాబట్టి దాన్ని అక్కడే పెట్టాడు.

ఇంజనీరు చూస్తుండగానే యంత్రం గొట్టంలోంచి నీళ్ళు సన్నటి ధారగా దిగాయి. ఆమె తాగి చూసింది. బయట దుమ్ము లేచే ఎండలో గాలిలోంచి నీళ్ళు. ఆమె అక్కడికక్కడే ఒక మాట ఇచ్చింది. మెట్ట మీద కాలనీకి పైపు నీళ్ళు ఎక్కవు, ట్యాంకరే దిక్కు. సోమవారం యంత్రాన్ని అక్కడ పెట్టాలి. అది పనిచేస్తే ఆ ట్యాంకరును ఇంకో పేటకు మళ్ళిస్తుంది, లాండ్రీ కుళాయి జోలికి రాదు.

ఆదివారం లాండ్రీకి సెలవు. ఇంకోసారి చూసుకుందామని సైంటిస్టు యంత్రం ఆన్ చేశాడు. నాలుగు చుక్కలు రాలాయి, ఆగిపోయాయి. మధ్యాహ్నం దాకా దాన్ని విప్పి బిగించాడు. చుక్క లేదు. అప్పుడు బావ తన చొక్కాలూ లుంగీలూ పిండుకుని తెచ్చి తీగ మీద వేశాడు. ఆ తడిబట్టల పక్కన యంత్రం మెల్లగా గొంతు సవరించుకుని మళ్ళీ కారడం మొదలుపెట్టింది.

సైంటిస్టు తీగ మీది తడి లుంగీని పట్టుకుని చూశాడు. ఇన్నాళ్ళూ యంత్రం తాగింది ఆకాశాన్ని కాదు, అక్క దుప్పట్లను. బయట ఆరేస్తే దుమ్ము పడుతుందని లాండ్రీ బట్టలన్నీ ఆ మూసిన గదిలోనే ఆరతాయి. అక్క కుళాయి నీళ్ళనే అది ఇంజనీరు గ్లాసులో పోసింది.

అక్క అంతా విని ముందు అడిగింది ఇదే.

"ఇది ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదక్కా. మెట్ట మీద గాలి పొడిగా ఉంటుంది. అక్కడ ఇది ఉత్త బీరువా."

"రేపు సాయంత్రం దాకా ఆ సంగతి నీ కడుపులోనే ఉంచుకో."

ఉపాయం బావ చెప్పాడు. యంత్రాన్ని పెట్టబోయేది ఒక రేకుల షెడ్డులో. లోపల చుట్టూ తడి దుప్పట్లు పరదాల్లా కడితే దుమ్ము రాకుండా కట్టారనుకుంటారు. ఇంజనీరు సంతకం పెట్టేదాకా నడిస్తే చాలు. ఆ తర్వాత రిపేరు వచ్చిందని చెప్పొచ్చు. బామ్మర్ది సరుక్కి రిపేరు వచ్చిందంటే ఊళ్ళో ఎవడూ ఆశ్చర్యపోడు కదా అని కూడా అన్నాడు. అక్క దుప్పట్లు తనే తడిపింది.

సోమవారం మెట్ట మీద బిందెలు షెడ్డు ముందు నుంచి సందు మలుపు దాకా బారులు తీరాయి. యంత్రం ఆన్ చేశారు. సైంటిస్టు గొట్టం వైపు చూడలేక తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. ధార వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. ఇంజనీరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ట్యాంకరు డిపోకు చెప్పడానికి ఆమె ఫోను తీసింది.

అక్క షెడ్డు గుమ్మంలో ఉంది. ఎదురింటి ముందు ఒకావిడ డ్రమ్ము మూత తీసి, దుమ్ము కొట్టుకుపోయిన పిల్లను పీట మీద కూర్చోబెట్టింది. అడుగున మిగిలిన నీళ్ళు చెంబుతో ముంచి పిల్ల నెత్తిన పోసింది. ఎన్నాళ్ళకో తలంటు అని పక్కావిడతో నవ్వుతూ చెబుతోంది. ఇక దాచుకోవడమెందుకు, గుమ్మంలోనే నీళ్ళు పుడుతున్నాయిగా అంటోంది. రెండో చెంబు పైకి లేచింది.

అక్క సందు దాటి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

"పొయ్యకమ్మా. మూత పెట్టేసుకో."

ఆవిడకు అర్థం కాలేదు. అక్క వెనక్కి వచ్చి పరదా లాగి కింద పడేసింది. తడి దుప్పటి నేల మీద చప్పుడు చేస్తూ పడింది.

"ఆ ఫోను పెట్టేయండి మేడమ్. ఈ నీళ్ళు గాలివి కావు, ఈ దుప్పట్లవి. సాయంత్రానికి ఇవి ఆరిపోతాయి. ట్యాంకరు ఆపితే వీళ్ళకేం మిగలదు."

బావ తల పట్టుకున్నాడు. బారులో ముందున్న ముసలాయన ఖాళీ బిందె చంకకెత్తుకుని ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదని సైంటిస్టుకు అనిపించింది. ఇంజనీరు ట్యాంకరు యథాప్రకారం రావాలని ఫోనులో చెప్పి, అక్క వైపు తిరిగింది.

"నన్ను ఇంత మందిలో వెర్రిదాన్ని చేశారు. రేపు పొద్దున్నే సీలు తెస్తాను."

"తీసుకురండి. కాదనను," అంది అక్క.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో సైంటిస్టే మాట మొదలుపెట్టాడు. ఆరబెట్టే గదిలో యంత్రం చేసింది అబద్ధం కాదని, దుప్పట్లలోంచి ఎగిరిపోయే నీళ్ళు మళ్ళీ ఉతకడానికి పనికొస్తాయని మెల్లగా అన్నాడు. లాండ్రీ చేరగానే యంత్రాన్ని వెనక గదిలోకి మోయడానికి అక్కే ఒక చివర పట్టుకుంది.

ఇంజనీరు అన్నట్టే వచ్చింది. ముందు కుళాయి కట్టేయించింది. సీలు వేసే ముందు సైంటిస్టు ఆమెను వెనక గదికి రమ్మన్నాడు. ఈసారి ఆమె గ్లాసు తీసుకోలేదు. దుప్పట్ల మధ్యకు వెళ్ళింది, గోడలు తట్టింది, కిటికీలు మూయించింది, యంత్రం వెనక టార్చి వేసి చూసింది. తొట్లో మిగిలిన నీళ్ళతో ఒక వాయి ఉతకమంది. దుప్పట్లు తీగలెక్కాయి. ఆమె స్టూలు వేయించుకుని యంత్రం ముందు కూర్చుంది. బకెట్ నిండుతుంటే గుర్తులు పెట్టుకుంది. మధ్యలో బావ భోజనం చేస్తారా అని అడిగితే వద్దంది, రెండోసారి అడిగితే తింది.

సాయంత్రానికి, పోసిన నీళ్ళలో సగానికి పైనే బకెట్లలోకి తిరిగి వచ్చింది. ఆమె లేచి బయట కుళాయి దగ్గరికి నడిచింది. ముగ్గురూ వెనకే వెళ్ళారు. ఉత్తర్వు ప్రకారం సీలు వేయక తప్పదని ఆమె చెప్పింది. వాల్వును ఎంత మేరకు మూసి సీలు వేయాలో అందులో రాయలేదని కూడా చెప్పింది. వాల్వు పావు వంతు తెరిపించి, అక్కడ కదలకుండా తీగ చుట్టించి, సీలు నొక్కించింది.

"దీంతో నడపగలరా?" అని అడిగింది.

అక్క కుళాయి కింద చెయ్యి పెట్టి ధార ఎంత సన్నగా ఉందో చూసుకుంది.

"ఆసుపత్రి వాటికి సరిపెడతాను. మా ఆయన లుంగీలు ఆగాలి," అని తొట్టిని కుళాయి కిందికి జరిపింది.